ఇసకలో నిలబెట్టిన పిల్ల

మా పైడి మొదటిసారి నిలబడిన సాయంత్రం తీరంలో ఉన్న జనం అంతా చుట్టూ మూగారు. చప్పట్లు కొట్టారు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటికి పైడికి ఏడాది మీద మూడు నెలలు దాటాయి. ఆ నిలబడ్డమే జబ్బని మాలో ఒక్కరికీ తెలీదు.

నా పేరు నూకరత్నం. కళింగపట్నం పక్కనే మా ఊరు. మా ఆయన వేటకి గుజరాత్ వెళ్తాడు, నేను ఇక్కడ చేపల బేరం చేస్తాను. ఇంటర్ దాకా చదివాను కాబట్టి రాసేటప్పుడు బడి తెలుగు వస్తాది, కోపం వస్తే మా ఊరి తెలుగు వస్తాది. రెండూ కలిసిపోతే మీరే సర్దుకోండి. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ సెంటర్ హాల్లో ఒక కొత్త తల్లి చంకలో పిల్లాడితో నా పక్కన కూర్చుని, "అప్పా, ముందు ఏటి సెయ్యాలి?" అని అడిగింది. మా వైపు అప్ప అంటే అక్క. నాకు తెలిసిందంతా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ఆ పిల్ల మొహం వచ్చినప్పటికన్నా అయోమయంగా అయిపోయింది. ఒలమ్మ, ఏటి సెప్పేసేను దీనికి అని నాకే భయం వేసింది. అందుకని మొదటి నుంచీ వరసగా చెప్పుకుంటాను. అప్పుడైనా నాకు అర్థమవుతుందేమో చూద్దాం.

2012 చలికాలం నుంచి 2014 దాకా

పైడి నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. నర్సమ్మ వీపు మీద తట్టింది, ఎవరో పరిగెత్తుకొచ్చారు, పిల్లని పక్క గదిలోకి పట్టుకుపోయారు. కాసేపటికి గోడ అవతల్నుంచి ఏడుపు వినిపించింది. ఏడ్చింది కదా, ఇంకేటి, అనుకున్నాం. అమ్మవారి పేరే పెట్టుకున్నాం, పైడితల్లి అని.

మా అత్త నాకు మేనత్త, మా నాన్నకి అప్ప; ఆవిడ కొడుకు, నా బావే, మా ఆయన. చేతుల మీద బోలెడు మంది పిల్లల్ని పెంచిన మనిషి. కాళ్ళు బారజాపి, పైడిని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, వేన్నీళ్ళు పోసేది. పోస్తూ పోస్తూ మురిసిపోయేది.

"కాళ్ళు సూడవే రత్నం! ఇనప కడ్డీలే! వంచితే వంగవు. అచ్చం మీ బావ పోలికే. రేప్పొద్దున్న తెప్ప తోసేస్తాది ఇది."

నిజమే, వంగేవి కావు. చంకలు పట్టుకుని లేపితే రెండు కాళ్ళూ నిటారుగా దిగిపోయేవి, బొటనవేళ్ళు నేలకి ఆనేవి. పక్కింటోళ్ళ పిల్లాడిని అలా లేపితే కాళ్ళు జారిపోయేవి. వాడిని చూసి మేం నవ్వుకునేవాళ్ళం. వాడు మాత్రం ఎనిమిదో నెలకే కుదురుగా కూర్చున్నాడు. పైడిని కూర్చోబెడితే వెనక్కి పడిపోయేది. "బలమంతా కాళ్ళలోకి దిగిపోనాదే, నడుంలోకి రావాల" అనేది అత్త. నాకు ఆ మాట సబబుగానే ఉండేది.

మా తీరంలో ఒక పద్ధతి ఉంది. పిల్లలకి నడక ఆలస్యమైతే, ఎండకి కాగిన ఇసకలో సాయంత్రం పూట గొయ్యి తీసి, నడుం దాకా పాతి నిలబెడతారు. కాళ్ళకి పట్టు వస్తుందంటారు. మా ఆయన్నీ అలాగే నిలబెట్టారు, మా మావనీ అలాగే నిలబెట్టారు. సరే, పైడినీ నిలబెట్టాం. దాని ముందు గవ్వలు పోసి, అత్త పాటలు పాడి, నేను వలల దగ్గర్నుంచి కాకుల్ని తోలి, రోజూ అదే పని. ఇసకలో పాతితే కర్ర కూడా నిలబడుతుంది, ఆ సంగతి అప్పుడు తట్టలేదు. ఒక సాయంత్రం అత్త ఇసకని మోకాళ్ళ దాకా తగ్గించి, పైడి వేళ్ళు మాత్రం పట్టుకుంది. పిల్ల నిలబడింది. మునివేళ్ళ మీద, కర్రలా. అదే నేను ముందు చెప్పిన సాయంత్రం.

ఫోన్ చేసి చెబితే మా బావ గుజరాత్‌లో పడవ మీద ఉన్నోళ్ళందరికీ మిఠాయి పంచాడు. "నడిసేస్తాది సూడు, నేను వచ్చేసరికి ఎదురొచ్చేస్తాది" అన్నాడు.

2014 ఎండాకాలం

అంగన్వాడీ టీచరు పైడి మడమలు నేలకి ఆనడం లేదని కనిపెట్టింది. పెద్ద డాక్టరుకి చూపించమంది. ఆవిడ మీద మా అత్తకి ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "మేనరికమా?" అని. అవునన్నాను. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు. ఆ తల ఊపడం నన్ను ఎన్నాళ్ళు తినేసిందో! బావని చేసుకోవడం వల్లే ఇలా అయ్యిందా, అత్త బలవంతం చేసింది, నాన్న సరేనన్నాడు, నేను కూడా ఇష్టపడే చేసుకున్నాను కదా, అని ఇంటికొచ్చే బస్సులో అందరి మీదా వంతులవారీగా కోపం తెచ్చుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన ప్రతి ఒక్కరినీ అదే అడుగుతాడని. పుట్టినప్పుడు మెదడుకి గాలి చాలకపోవడం వల్ల ఇలా అయ్యుంటుందని ఆయనే చెప్పాడు. మెదడు చెప్పిన మాట కాళ్ళకి సరిగ్గా అందడం లేదట. మందు ఉందా అని అడిగాను.

"వ్యాయామమే మందమ్మా" అన్నాడు.

వ్యాయామం అంటే నాకు తెలిసింది పోలీసు సెలక్షన్లకి తీరంలో పరిగెత్తే కుర్రోళ్ళు చేసేది. కూర్చోడం కూడా రాని పిల్లకి వ్యాయామం ఏటి?

ఆ ఏటికి జవాబు సునీత మేడం. ఫిజియోథెరపీ సెంటర్లో పిల్లల్ని చూసేది ఆవిడే. పైడిని ఒక పెద్ద బంతి మీద బోర్లా వేసి ఊపింది. మోకాళ్ళు నెమ్మదిగా వంచింది, మడమని అరచేతిలో పెట్టుకుని పట్టి ఉంచింది. పైడి ఊరు లేచిపోయేలా ఏడ్చింది. నేను గొప్పగా చెప్పాను, "కాళ్ళు చాలా గట్టివి మేడం, నిలబడుతుంది కూడా" అని.

ఆవిడ పైడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంది, "ఇది బలం కాదమ్మా. కండరాలు బిగుసుకుపోయాయి. వదులు చెయ్యమంటే పాపకి చాతకాదు. అందుకే వంగవు."

ఇన్నాళ్ళూ దేన్ని చూసి మురిసిపోయామో, ఊరందరికీ దేన్ని చూపించామో, అదే జబ్బు. చప్పట్లు కొట్టింది కూడా దానికే. బావకి ఏటని చెప్పను?

"నడుస్తుందా మేడం?"

"తెలీదమ్మా" అంది ఆవిడ. "చేస్తూ ఉంటే తెలుస్తుంది."

నాకు మండిపోయింది. తెలీకపోతే నువ్వు అక్కడ ఎందుకు కూకున్నావే తల్లీ అని నోటి దాకా వచ్చింది. బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడి ఏడ్చాను. మళ్ళీ వచ్చే వారం వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను.

2015, 2016

ఈ రెండేళ్ళూ నాకు వరసగా గుర్తులేవు. బస్సు, హాలు, ఏడుపు, బస్సు. పొద్దున్నే చేపల గంప పక్కింటామెకి అప్పగించడం, పైడిని చంకనేసుకోవడం, కిటికీ పక్క సీటు కోసం కొట్లాడ్డం. ఆ రూట్లో ఒక కండక్టరు ఉండేవాడు. మమ్మల్ని చూస్తే చాలు, "లెగండి లెగండి, మేడం గారు వచ్చేరు" అని పైడి కోసం ముందు సీటు ఖాళీ చేయించేవాడు. ఆ మేడం గారు ఆ సీట్లో కూర్చుని ఆయన మీదే కక్కుకునేది.

హాల్లో మాకు మేము ఒక ఊరిలా ఉండేవాళ్ళం. ఎవరి పిల్లకి ఏది వచ్చిందో, ఏది రాలేదో అందరికీ తెలుసు. ఒక పిల్లాడు మెడ నిలిపితే అందరం సంబరపడతాం, బస్సెక్కాక మన పిల్ల నిలపలేదే అని ఏడుస్తాం. ఆ రెండూ నిజమే. నాకు బాగా దగ్గరైంది ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చే మేరీ అక్క. వాళ్ళది బాప్టిస్టు చర్చి. వాళ్ళ బాబి ఏడేళ్ళవాడు, కూర్చోలేడు. అక్క నా పైడి తల మీద చెయ్యేసి కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేసేది.

"కళ్ళు మూసుకోవేటి అక్కా?"

"మూసుకుంటే మా బాబిగాడు బల్ల మీంచి దొర్లిపోతాడే. ప్రభువుకి తెలుసులే" అనేది.

పైడికి కాళ్ళకి గట్టి ప్లాస్టిక్ బూట్లు ఇచ్చినప్పుడు మడమ దగ్గర ఒరుసుకుని పుండు పడింది. మేరీ అక్క తన మేజోళ్ళు విప్పి, అక్కడికక్కడే కత్తిరించి, లోపల సర్ది కుట్టింది. అక్కకి అది గుర్తుండదు. నాకు గుర్తు.

ఇంట్లో మాత్రం యుద్ధం. మేడం చెప్పినట్టు నేను పైడి కాళ్ళు సాగదీస్తుంటే అది ఏడ్చేది, అత్త తలుపు దగ్గర నిలబడి శాపాలు పెట్టేది. "ఒసే, పిల్లని సంపేస్తన్నావే! కన్నతల్లివా, కసాయిదానివా?" నేను కూడా తక్కువ తినలేదు. వేటకి విరామం ఇచ్చినప్పుడు బావ వచ్చేవాడు. ఆయనకి పైడి ఏడుపు వినిపిస్తే చాలు, వచ్చి ఎత్తుకుని తీరానికి పట్టుకుపోయేవాడు. భుజం దించేవాడు కాదు. "ఎత్తుకోకు బావా, కింద కూకోబెట్టు, మేడం సెప్పింది" అంటే, "ఏడాదికి రెండు నెలలు కనబడతాది నాకు. ఎత్తుకోకపోతే ఏటి సెయ్యాలే?" అన్నాడు. ఆయన గుజరాత్ వెళ్ళాక పైడి కింద కూర్చోనని మారాం చేసేది, నేను ఫోన్లో ఆయన్ని తిట్టేదాన్ని.

ఒక సాయంత్రం నేను చేపల వేలం దగ్గర్నుంచి వచ్చేసరికి ఇంట్లో ఇద్దరూ లేరు. తీరంలో చూస్తే అత్త మళ్ళీ గొయ్యి తీసి పిల్లని నడుం దాకా పాతేసింది. నా గొంతు అవతలి పేట దాకా వినపడింది.

"మేడం నిలబెట్టొద్దందని సెప్పేనా నేదా నీకు!"

అత్త లెగలేదు. పిల్ల చుట్టూ ఇసక నొక్కుతూనే ఉంది. "నీ మేడం తెలీదంటాది. డాక్టరు తెలీదంటాడు. ఈ ఇసక ఒక్కటే ఎప్పుడూ నాకు తెలీదనలేదే, రత్నం."

అని బావురుమంది. మా అత్త అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను కూడా పక్కన కూలబడ్డాను. మధ్యలో పైడి నడుం దాకా ఇసకలో నిలబడి, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వింది.

తర్వాతి వారం మేడంకి ఫిర్యాదు చేశాను. ఆవిడ తిడుతుందనుకుంటే, "మామ్మగారిని తీసుకురండి" అంది. అత్త కొత్త చీర కట్టుకుని దెబ్బలాటకే బయల్దేరింది. మేడం కుర్చీ వేసి, ఆ గొయ్యి ఎంత లోతు, ఇసక తడిదా పొడిదా, ఎంతసేపు ఉంచుతారు అని అడిగి తెలుసుకుంది. చివరికి, "గొయ్యి తియ్యండి మామ్మా, కానీ నిలబెట్టకండి, కూర్చోబెట్టండి. కాళ్ళు ముందుకి, ఎడంగా. వెనక ఇసక గట్టు ఆనుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి, ఆడుకుంటుంది, నడుం నేర్చుకుంటుంది" అంది. అత్త బస్సులో కిటికీ వైపు తిరిగి, "మంచిపిల్లేలే" అంది.

అలా మా తీరంలో నిలబెట్టే గొయ్యి కూర్చోబెట్టే గొయ్యి అయ్యింది. అత్త రోజురోజుకీ వెనక గట్టు తగ్గిస్తూ వచ్చింది. ఆ వానాకాలం వెళ్ళేసరికి పైడి దేనికీ ఆనుకోకుండా కూర్చుంది. ఇసక వల్లే అని అత్త. రోజూ సాగదీయడం వల్లే అని నేను. ప్రార్థన అని మేరీ అక్క. మేడంని అడిగితే, "అన్నీ కలిసొచ్చుండొచ్చు" అంది. కొత్త తల్లులు నన్ను ఏది పని చేసిందని అడుగుతారు. ఏం చెప్పను, నాకు నిజంగా తెలీదు.

2017, 2018

కూర్చుంది కదా, ఇక నడకే. నడక, నడక, నడక. నిద్రలో కూడా అదే. ఎవరు ఏది చెబితే అక్కడికి పరిగెత్తాను. విజయనగరంలో ఒకాయన ఆకు పసరుతో కట్లు కట్టాడు, చర్మం పొక్కింది. విశాఖలో ఒక డాక్టరు ఆపరేషన్ అన్నాడు, ఇంకో డాక్టరు అప్పుడే వద్దన్నాడు. ఇద్దరి గోడల మీదా బోలెడు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఎవర్ని నమ్మాలి? సునీత మేడంని అడిగితే రెండు వైపులా లాభనష్టాలు చెప్పి, నిర్ణయం మీదే అంది. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నిర్ణయించడానికి నాకేటి తెలుసు, చేప తాజాదో కాదో చెప్పమను చెప్తాను. చివరికి బావా, నేనూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకుని ఆపరేషన్ వద్దనుకున్నాం. ఆ నిర్ణయం మంచిదా అని ఇప్పటికీ కొన్ని రోజులు పొద్దున్నే లేస్తూనే అనిపిస్తాది.

ఆ ఏడాదే పైడికి ఇనప వాకర్ ఇచ్చారు, నాలుగు కాళ్ళది. దాన్ని పట్టుకుని, మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ, అడుగు తీసి అడుగు వేసింది. మా వీధి మొత్తం అరుగుల మీదకొచ్చి చూసింది. ఈసారి నేను చప్పట్లు కొట్టనివ్వలేదు. నాకు చప్పట్లంటే భయం పట్టుకుంది.

అంతలో తిత్లీ తుఫాను. కరెంటు లేదు, దారి లేదు, సెంటర్ మూసేశారు. పడిపోయిన రేకులు ఎత్తుకోడంలో నేను పైడి కాళ్ళు పట్టుకోలేదు. మళ్ళీ బిగుసుకుపోయాయి, మడమలు మళ్ళీ లేచిపోయాయి. చేసిందంతా గాలికి కొట్టుకుపోయిందనుకున్నాను. సెంటర్ తెరిచాక మేడం చూసి, "వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వస్తుంది" అంది. వచ్చింది. ముందంత త్వరగా రాలేదు, కానీ వచ్చింది.

అత్త శ్రీకూర్మంలో మొక్కుకుంది, పైడిని నడిపించి ప్రదక్షిణ చేయిస్తానని. వెళ్ళాం. రెండు స్తంభాలు దాటేసరికి పిల్ల చెమటలు కక్కుతూ కూలబడి, "తాబేళ్ళు ఏవీ, సూపించు" అంది. నాకు కంగారు, మొక్కు సగంలో ఆగిపోయిందే అని. అత్త మాత్రం తొణకలేదు. "తాబేలు దేవుడే కదే, నిదానం అంటే ఏటో ఆయనకి మనం సెప్పాలా?" అని పిల్లకి తాబేళ్ళని చూపించడానికి తీసుకెళ్ళింది.

2019

బళ్ళో వేశాం. పొద్దున్న నేను చంకనేసుకెళ్ళి దింపుతాను, లోపల వాకర్‌తో నడుస్తుంది. టీచర్లు మెచ్చుకున్నారు. నా పిల్ల నడిచి తరగతిలోకి వెళ్తుందని అందరికీ చెప్పుకున్నాను. అంతా అయిపోయింది, గట్టెక్కేశాం అనుకున్నాను.

కొన్ని నెలలకి సునీత మేడం ఒక చిన్న చక్రాల కుర్చీ తెచ్చి హాల్లో పెట్టింది. ఇది పైడి బడికి, అంది.

నేను ఆ మాట విని లేచి నిలబడిపోయాను. "ఇన్నేళ్ళూ ఎత్తుకోకు, కింద కూకోబెట్టు, నడిపించు అని నా పిల్లని ఏడిపించి, నన్ను ఏడిపించి, మా అత్తతో శాపాలు తినిపించి, ఇప్పుడు కుర్సీ అంటారేటి మేడం! నడుస్తోంది కదా! అందరూ సూస్తన్నారు కదా నడవడం!" మేరీ అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది, నేను కూర్చోలేదు.

"ఇంట్లో నడవనీ. ఇక్కడా నడిపిస్తాను, నేను మానను" అంది మేడం. "బడి సంగతి నన్ను అడక్కండి. పైడిని అడగండి."

పైడి ఆ కుర్చీలో అప్పటికే ఎక్కి కూర్చుంది. చక్రం ముందుకీ వెనక్కీ తిప్పుతోంది.

"నీకిది ఏటికే? నువ్వు నడుస్తావు కదా?" అన్నాను.

"నడుస్తాను" అంది. "నడిసి ఎల్లేసరికి ఆట అయిపోతాది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"విరామం గంట కొడితే అందరూ పరిగెత్తిపోతారు. నేను వాకర్ పట్టుకుని ఎల్తాను. ఎల్లేసరికి మళ్ళీ గంట కొడతారు. మళ్ళీ వచ్చేస్తాను." ఏడుపేమీ లేదు ఆ గొంతులో. "ఒకపాలి కూడా ఆడలేదమ్మా."

ఇన్నాళ్ళూ ఒక్కరోజు కూడా నాకు చెప్పలేదు. నేను అడిగింది ఎప్పుడూ ఒక్కటే, ఎంత దూరం నడిచావు అని.

బావకి ఫోన్ చేశాను. కుర్చీ సంగతి చెప్పాను. "నడవగలదు కదే?" అన్నాడు. నడవగలదు బావా అన్నాను. "మరి కుర్సీ ఏటికి?"

"ఆటకి" అన్నాను. అని ఏడ్చేశాను. అటు నుంచి ఆయనా ఏడుస్తున్నాడని ముక్కు ఎగబీల్చడంలో తెలిసింది.

అత్త ఆ కుర్చీని గుమ్మం దాటనివ్వలేదు. ఇంట్లో పిల్ల నడిచి తీరాలంది. నేను సరేనన్నాను. అందులోనూ ఆవిడదే న్యాయమేమో, నాకేం తెలుసు. మొదటి రోజు అత్త పైడికి తలదువ్వి, బొట్టు పెట్టి, కుర్చీ వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనక పట్టుకుని తోస్తూ బయల్దేరాను. మేం గెలిచామా ఓడామా, ఆ రోజుల్లో అంత ఏడిపించింది దేనికి, ఎవరైనా చూస్తే నడిచే పిల్లని కుర్చీలో కూర్చోబెట్టిందనుకోరా, ఇవే ఆలోచనలు. కొత్తగా పోసిన సిమెంటు రోడ్డు మీదకి వచ్చాక పైడి, "వొదులమ్మా" అంది. భయపడుతూ వదిలాను.

రెండు చేతులతో చక్రాలు తోసింది. ఇంకోసారి తోసింది. నేను ఏదో ఆలోచిస్తూ నడుస్తున్నాను. తలెత్తి చూసేసరికి అది వీధి చివరికి వెళ్ళిపోయింది, జడలు ఎగురుతున్నాయి, వెనక్కి తిరిగి అరుస్తోంది.

"బేగి రాయే అమ్మా! గంట కొట్టేస్తారు!"

పిల్లల వెనకాల పరిగెత్తలేక చస్తన్నాం అని మా వీధి తల్లులందరూ అంటూ ఉంటారు. నేను చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. పైడి పుట్టాక దాని వెనకాల నేను పరిగెత్తడం అదే మొదలు.